ఈడు దాటిన చదువు

మా మాదిగపాళెంలో మనిషికి మూడే ఈడులు. చంటిబిడ్డ, పనికొచ్చినోడు, పనికి చాలనోడు. చంటితనం పోయిందంటే పనికొచ్చినట్టే. మగపిల్లోడైతే చేతికందొచ్చాడంటారు, ఆడపిల్లయితే ఈడొచ్చిందంటారు. చేతికందొచ్చినోణ్ణి గొడ్లకాడికి పంపిస్తారు. ఈడొచ్చినదాన్ని ఒకయ్య చేతిలో పెడతారు. ఈ రెంటికీ నడుమ ఇంకో వయసుంటుందనీ, ఆ వయసులో మనిషి కూలికి పోకుండా, పెళ్ళి చేసుకోకుండా, తనెవరో తను తేల్చుకుంటా తిరుగుతాడనీ, వాడి కోసం పనిగట్టుకొని పుస్తకాలు రాస్తారనీ నాకు ముప్పై అయిదో ఏట తెలిసింది. అప్పటికి నేను ఆ వయసు పిలకాయలకే పాఠాలు చెప్తా పదేళ్ళయింది.

ఇంగ్లీషులో ఆ వయసోళ్ళని యంగ్ అడల్ట్ అంటారు. సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిది. అక్కడ కూడా ఇదేమీ తాతముత్తాతల నాటి సంగతి కాదు. అమెరికా లైబ్రరీల సంఘం ఈ వయసోళ్ళ కోసం వేరే విభాగం పెట్టింది 1957లో. ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి హైస్కూల్లో చదువుకుంటానే 'ది అవుట్‌సైడర్స్' అనే నవల రాసింది. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. ఆ తర్వాత ఆ రకం నవలలకి పుస్తకాల అంగళ్ళలో వేరే అర ఏర్పడింది. అంటే పిల్లలు పదహారు పదిహేడేళ్ళ దాకా బడిలో ఉండే దేశంలో, ఆ బడిపిల్లల కోసం పుట్టిన సాహిత్యం. బడిలో అన్నాళ్ళు ఉండే భాగ్యం లేని చోట అది ఎట్లా పుడుతుంది?

నాకు ఈ సంగతి తెలిసింది ఒక పందెం వల్ల. మా మండలంలో ట్రైనింగుల్లో కలుసుకునే మేం ముగ్గురం ఆడ టీచర్లం. ఒకామె చాకలోళ్ళ బిడ్డ, ఒకామె దూదేకుల సాయిబుల బిడ్డ, నేను. ముగ్గురం మా మా ఇళ్ళల్లో మొదటి డిగ్రీలం. దూదేకులామె చెల్లెలు అమెరికాలో ఉంది. అక్కడ పెద్దోళ్ళు, పిల్లలున్న తల్లులు, ఉద్యోగస్తులు, ఏడాదికి ఇన్ని యంగ్ అడల్ట్ నవలలు చదివి తీరతామని తమకు తాము పందెం కట్టుకొని, చదివినవి ఒక జాబితాగా రాసుకుంటారని ఆ అమ్మాయి చెప్పింది. మనమూ కడదామా అనుకున్నాం. ఏడాదికి పన్నెండు పుస్తకాలు. తెలుగైనా ఇంగ్లీషైనా సరే. ఓడినోళ్ళు మిగతా ఇద్దరికీ నెల్లూరులో చేపల పులుసుతో అన్నం పెట్టించాల.

స్టాఫ్‌రూములో ఈ పుస్తకాలు నా చేతిలో చూసి నవ్వినోళ్ళు చాలామంది. "ఏం మేడమ్, మళ్ళీ ఎనిమిదో తరగతిలో చేరారా?" అన్నాడొక సారు. ఇంకో ఆయన నా మీద నిజమైన ప్రేమతోనే, "ఈ టైము గ్రూప్స్‌కి పెట్టుంటే డిప్యూటీ కలెక్టరయ్యేవారు గదమ్మా" అన్నాడు. ఇది మన ఊరి మాటే అనుకోవద్దు. అమెరికాలో బౌకర్ అనే సంస్థ పుస్తకాల వ్యాపారం లెక్కలు తీస్తుంది. 2012లో వాళ్ళు చెప్పిందాని ప్రకారం పన్నెండు నుంచి పదిహేడేళ్ళ పిల్లల కోసమని వేసే పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం పద్దెనిమిది దాటినోళ్ళు. అందులోనూ ముప్పై నుంచి నలభై నాలుగేళ్ళోళ్ళే ఎక్కువ. ఆ కొనే పెద్దోళ్ళలో ఎక్కువమంది తమ కోసమే కొనుక్కుంటున్నారు. ఇది చూసి రూత్ గ్రాహం అనే ఆమె 2014లో స్లేట్ అనే పత్రికలో ఒక వ్యాసం రాసింది. పెద్దోళ్ళు ఏమైనా చదువుకోవచ్చు గానీ, పిల్లల కోసం రాసింది చదువుతున్నప్పుడు సిగ్గుపడాల అని దాని సారం. ఆ నవలల ముగింపులు మరీ తృప్తిగా ఉంటాయనీ, బతుకు అంత తేలిగ్గా తెగేది కాదనీ, పెరిగిన మనిషికి పెరిగిన పుస్తకం కావాలనీ ఆమె వాదన. దాని మీద అక్కడ పెద్ద రచ్చ జరిగింది.

ఆమె మాటలో సగం నిజముంది. నేను చదివినవాటిలో నాలుగైదు అట్లాంటివే. చివరి పేజీలో అందరూ అందర్నీ క్షమించేస్తారు. నా పేచీ ఆ సగంతో కాదు, సిగ్గుతో. సిగ్గు అనేది మాకు బాగా తెలిసిన వస్తువు. అది ఎవరు ఎవరికి పంచిపెడతారో కూడా తెలుసు.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ మధ్య ఉన్న చదువురానోళ్ళకి అక్షరాలు నేర్పాలన్నారు. మా నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతంలో అది ఊరూరా సాగింది. ఆ రాత్రిబడుల్లో కూర్చున్న ఆడోళ్ళే తర్వాత సారాకొట్ల మీదికి పోయారు. 1992 నాటికి దూబగుంట పేరు దేశమంతా తెలిసింది. మాయమ్మ ఆ రాత్రిబడిలో కూర్చున్న మనిషి. అప్పుడామెకి ఇరవై మూడో ఇరవై నాలుగో. నేను ఒళ్ళో పిల్లని. పొద్దున నాటుకి పోతే గట్టు మీద నిలబడ్డ ఆసామి పెళ్ళాం, "ఇద్దరు బిడ్డల తల్లివి, ఈ ఈడులో బలపం పట్టుకునేదానికి సిగ్గు లేదంటే?" అనేదంట. మాయమ్మ ఇప్పటికీ ఆ మాట అట్లాగే, ఆమె గొంతుతోనే అని చూపిస్తది.

ఇందులో ఇంకో సంగతుంది. రాత్రిబడి వాచకాల్లో కూలి, సారా, రేషను, బిడ్డల రోగాలు ఇట్లాంటి పాఠాలుండేవి. మంచివే. ఉద్యమం లేచిందే వాటి నుంచి. అయితే మాయమ్మకి అవి పట్టలేదు. "కూలి సంగతి మాకు తెలవదా, మళ్ళీ పలక మీద రాసుకోవాలా?" అనేది. ఆమెకి కథ కావాల. మా అన్న మూడో తరగతి తెలుగు వాచకం తీసుకొని గుడ్డిదీపం ముందర కూర్చొని, కాకి కథ, నక్క కథ, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివేదంట. కొడుకు నిద్రపోయినాక కొడుకు పుస్తకం. మా పాళెంలో పిల్లల పుస్తకం చదవాలని పందెం కట్టిన మొదటి పెద్దమనిషి మాయమ్మే అని నేనంటాను. ఆ అన్న అయిదో తరగతి అయ్యీ కాకముందే గొడ్లకాడ జీతానికి కుదిరాడు. నేను వెల్ఫేర్ హాస్టలుకి పోయాను.

ఏ ఈడుకి ఏ చదువు అన్న లెక్క ఈ దేశంలో చాలా పాతది. మనువు చదువు మొదలుపెట్టే ఈడుని కులాన్ని బట్టి కట్టాడు. తల్లి కడుపులో పడ్డ నాటి నుంచి లెక్కేసి బ్రాహ్మణ పిల్లోడికి ఎనిమిదో ఏట ఉపనయనం, క్షత్రియుడికి పదకొండో ఏట, వైశ్యుడికి పన్నెండో ఏట. శూద్రుడి దగ్గరికొచ్చేసరికి లెక్క ఆగిపోయింది. మేమైతే లెక్కలోనే లేం. ఆడోళ్ళకి పెళ్ళే ఉపనయనం, మొగుడి సేవే గురువు దగ్గర ఉండటం, ఇంటిపనే హోమం అన్నాడు. బ్రహ్మచర్యమని పేరు పెట్టి, చదువుకుంటా పెరిగే ఒక ఈడుని కొందరికి ఆస్తిగా రాసిచ్చారు. పొలాలు రాసిచ్చినట్టే. పొలం లేనోడికి పొలం మీద కవిత్వం ఎట్లా అచ్చిరాదో, ఆ ఈడు లేనోడికి ఆ ఈడు పుస్తకం కూడా అట్లాగే. రూత్ గ్రాహం ఇవన్నీ అనుకొని రాసుండదు. ఆమెకి మనువు ఎవరో తెలిసుండక్కర్లేదు. కానీ దాటి వచ్చిన ఈడుకి మళ్ళీ పోవడం సిగ్గు అని చెప్పాలంటే ముందు ఆ ఈడు గుండా నడిచి వచ్చుండాల గదా. దాటించకుండా ఎత్తి అవతల పడేసినోళ్ళ సంగతేంది?

ఇది పాతకాలం గొడవ, ఇప్పుడెక్కడుంది అనేవాళ్ళకి రెండు చట్టాలు చూపిస్తాను. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకా చదువు హక్కు అంది. పద్నాలుగు నిండితే ఆ హక్కు అయిపోయింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనోళ్ళకి అందులో ఒక కొత్త పేరు పెట్టారు. తెలుగులో కౌమారులు అంటున్నాం. వాళ్ళని గనుల్లో, పేలుడు సామాన్ల దగ్గర, అట్లాంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టగూడదు. మిగతా పనుల్లో పెట్టొచ్చు. మిరపచేను ప్రమాదకరమైన చోటు కాదు. మిరపకోతకి పోయి నాలుగు రోజులు అన్నం కలుపుకోలేని చేతులు చూసినోళ్ళు ఆ జాబితా రాసుండరు. నేను ఈ రెండు చట్టాలూ పక్కన పెట్టుకొని చూశాను. అమెరికాలో యంగ్ అడల్ట్ అంటే పుస్తకాల అంగడిలో ఒక అర. ఇక్కడ చట్టంలో ఆ వయసుకి అర్థం, ఏ పని చెయ్యొచ్చు ఏ పని చెయ్యగూడదు అని.

ఇక పుస్తకాల సంగతి. నా పన్నెండింట్లో తెలుగువి అయిదు. జపాన్ ఆమె తెత్సుకో కురొయనాగి రాసిన 'రైలుబడి' అందులో ఒకటి, అది టీచర్లందరూ చదివేదే. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన హకల్‌బెరీ ఫిన్ ఒకటి. పారిపోయే బానిస జిమ్ మాట్లాడేటప్పుడల్లా నాకు మా పెదనాయన గుర్తొచ్చాడు. మిగతావి ఇంగ్లీషువి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల అంగళ్ళలో వెతికి తెచ్చినవి, దూదేకులామె చెల్లెలు పంపినవి. ఒక నిజం చెప్పాల. తెలుగులో నాకు ముప్పై ఏడేళ్ళు గానీ, ఇంగ్లీషులో నా వయసు పద్నాలుగే. పెద్దోళ్ళ ఇంగ్లీషు నవల పట్టుకుంటే పదో పేజీలో నిద్రొస్తది. వీటిలో వాక్యం చిన్నది, మాట సూటిది. డిక్షనరీ పక్కన పెట్టుకొని రెండు నెలల్లో ఒకటి పూర్తి చేశాను. మా తరానికి ఇంగ్లీషులో పెరగడానికి వేరే మెట్లు ఎవరు కట్టారు?

అట్లా చదివినవాటిలో మిల్‌డ్రెడ్ టేలర్ అనే నల్లజాతి రచయిత్రి 1976లో రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' ఉంది. కథ 1933 నాటి మిసిసిపీలో జరుగుతుంది. నల్లపిల్లల బడి వేరు, తెల్లపిల్లల బడి వేరు. తొలిరోజు టీచరమ్మ మిస్ క్రాకర్ పిల్లలకి పుస్తకాలు పంచుతుంది. ఒకటో తరగతిలో చేరిన ఆరేళ్ళ పిల్లోడు ఒకడున్నాడు. ఇంట్లో వాణ్ణి లిటిల్ మ్యాన్ అని పిలుస్తారు. మట్టంటితే సహించడు, అంత శుభ్రం. పుస్తకం మురిగ్గా, చిరిగి ఉంది. అట్ట లోపలివైపు ఒక పట్టీ అంటించి ఉంది. ఏ ఏడాది ఇచ్చారు, పుస్తకం ఎట్లుంది, తీసుకున్న పిల్లలది ఏ జాతి అని గళ్ళు. 1922లో కొత్తది, తెల్లపిల్లకి. ఏడాది ఏడాదికీ కొంచెం కొంచెం పాడైంది, ప్రతిసారీ తెల్లపిల్లలకే. పన్నెండోసారి 1933లో, పూర్తిగా పాడైంది, అప్పుడు నల్లపిల్లలకి. వాళ్ళ జాతిని తక్కువ చేసి పిలిచే మాటే ఆ గడిలో రాసుంది. ఆ పిల్లోడికి చదవడం వచ్చు. పట్టీ చదివాడు. పుస్తకాన్ని నేలకేసి కొట్టి కాలితో తొక్కాడు.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి పెరట్లోకి పోయి నిలబడ్డాను. ఆరో తరగతిలో నా పుస్తకాలు మాయమ్మ పేడకళ్ళెత్తే ఇంటోళ్ళవి. వాళ్ళ కూతురు ఏడుకి పోతే ఆరు పుస్తకాలు నాకిచ్చారు. ఊరికే కాదు, రెండు రోజుల పనికి. ప్రతి పుస్తకం మీదా, లోపల పాఠం పాఠానికీ ఆ పిల్ల పేరు, చివర ఇంటిపేరుతో కులంతో సహా అందంగా రాసుంది. తరగతిలో ఒక అయ్యవారు నా పుస్తకం అడిగి తీసుకొని ఆ పేరు గట్టిగా చదివాడు. "నువ్వెప్పుడు రెడ్డివయ్యావే?" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ రాత్రి హాస్టల్లో బ్లేడు ముక్కతో పేరు గీకాను. కాగితం చిరిగి అవతలి పేజీలో అశోకుడి శాసనాలు కనపడ్డాయి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అట్లాంటిది ఇంకో పిల్లకి, ఇంకో పిల్లోడికి జరిగిందని, అది పుస్తకంగా రాయదగ్గ సంగతని ఎవరైనా నాకు అప్పుడు చెప్పుంటే అని అనుకున్నాను. షెర్మన్ అలెక్సీ 2007లో రాసిన నవలలో కూడా రెడ్ ఇండియన్ పిల్లోడు తన లెక్కల పుస్తకం తెరిస్తే అందులో వాళ్ళమ్మ పేరుంటుంది, ఆమె చదువుకున్న పుస్తకమే అది. వాడు దాన్ని విసిరితే అయ్యవారి ముక్కుకి తగుల్తుంది. అలెక్సీ మీద 2018లో ఆడోళ్ళు చాలా ఆరోపణలు చేశారు. అది తెలిసినాక ఆ పుస్తకాన్ని మునుపటంత ఇష్టంగా పట్టుకోలేకపోయాను. కానీ ఆ లెక్కల పుస్తకం మాత్రం మరపు రాదు. ఎక్కడెక్కడో ఉన్న మనుషులకి పాత పుస్తకం దగ్గర ఒకే అవమానం ఎట్లా కాచుక్కూర్చుందో చూడండి.

మిస్ క్రాకర్ పంచిన ఆ పుస్తకం కథని మాయమ్మకి రాత్రిపూట తెలుగులో చెప్పాను. ఇంగ్లీషు చూసి మా నెల్లూరు మాటల్లో చెప్పుకుంటా పోయాను. పిల్లోడు పుస్తకం తొక్కాడనగానే మాయమ్మ ఉలిక్కిపడింది. "ఓలమ్మా! కాలు పెట్టినాడా? సరస్పతి గదమే!" అంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి. మమ్మల్ని వెయ్యేళ్ళు తాకనియ్యని ఆ సరస్వతికి మేం ఎక్కువ మొక్కుతాం. నేను పట్టీ సంగతి మళ్ళీ విడమరిచి చెప్పాను. కాసేపు ఆలోచించింది. "పుస్తకమేం జేసిందిమే? ఆ పట్టీ రాసినోణ్ణి గదా తొక్కాల" అంది.

నేను నవలలో ముందుకు పోతే అదే మాట వేరే చేతుల్లో కనపడింది. ఆ పిల్లోడి తల్లి మేరీ కూడా ఆ బడిలోనే టీచరు. పిల్లల్ని కొట్టిన సంగతి విని, గొడవ చెయ్యదు. కాగితం కత్తిరించి, జిగురు పూసి, ఆ పట్టీల మీద అంటిస్తుంది. ముందు తన బిడ్డల పుస్తకాలకి, తర్వాత తన తరగతి పుస్తకాలకి. మిస్ క్రాకర్‌కి అది నచ్చదు. పిల్లలు తామెవరో తెలుసుకోవాలి గదా, అధికారులకి తెలిస్తే ఎట్లా అంటుంది. ఆమె చెడ్డది కాదు, ఆమె కూడా నల్లామే, ఉద్యోగం కావాల. తర్వాత కొన్నాళ్ళకి మేరీ తరగతిలో బానిసత్వం చరిత్ర, ఆ పుస్తకంలో లేనిది, చెప్తా ఉంటే పెద్దోళ్ళు వచ్చి చూస్తారు. ఆమె ఉద్యోగం పోతుంది.

నేను సాంఘికశాస్త్రం టీచర్ని. ఈ నవల పన్నెండేళ్ళప్పుడు చదివుంటే నేను లిటిల్ మ్యాన్‌ని మాత్రమే చూసుండేదాన్ని. ఇప్పుడు చదివాను గనక ఆ గదిలో ఉన్న ఇద్దరు టీచర్లూ కనపడ్డారు. అంబేడ్కర్ చిన్నప్పుడు గోనెపట్టా మీద కూర్చున్న సంగతి, ప్యూను లేని రోజు నీళ్ళు లేని సంగతి పాఠంగా చెప్పేటప్పుడు, వెనక బెంచీలో ఉన్న మా పాళెం పిల్ల తల దించుకుంటుందా, ముందు బెంచీల్లో ఉన్న ఊరి పిల్లలు ఎవరి వైపు తిరిగి చూస్తారు, అప్పుడు నేను ఎక్కడ నిలబడాల? ఇవి రోజూ ఉండేవే. ట్రైనింగుల్లో దీన్ని ఎవరూ మాట్లాడరు. అచ్చంగా దీని మీదే రాసిన పుస్తకం నాకు పిల్లల అరలో దొరికింది. ఇక ముగింపు తృప్తిగా ఉంటుందన్న మాట. ఈ నవల చివర పద్నాలుగేళ్ళ నల్లపిల్లోడు ఒకడు తాను చెయ్యని హత్యకి జైలు పాలవుతాడు. మూకలు వాణ్ణి ఉరి తియ్యకుండా ఆపడానికి లిటిల్ మ్యాన్ తండ్రి తన పత్తిచేనుకి తనే నిప్పు పెట్టుకుంటాడు. దీన్ని చదివి సిగ్గుపడాలంటే నాకు చేతకాదు.

మా వైపు దళిత సంఘాల్లో తిరిగే ఒక అన్న ఉన్నాడు. నాకు పుస్తకాలు అలవాటు చేసిందే ఆయన. ఆయనకీ ఈ పందెం నచ్చలేదు. "ఏందమ్మా, మనోళ్ళు రాసింది మనమే ఇంకా చదివి చావలా, నువ్వు అమెరికా పిలకాయల కథలు పట్టుకున్నావు" అన్నాడు. ఆ మాట నన్ను ఆ సార్ల నవ్వు కంటే ఎక్కువ ఆలోచింపజేసింది. ఇంటికొచ్చి నా దగ్గరున్న మన పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' ఉంది, కల్యాణరావు 'అంటరాని వసంతం' ఉంది, అంబేడ్కర్ రచనల సంపుటాలున్నాయి. వీటిలో బాల్యం ఉంది, ఆకలుంది, బడిలో దెబ్బలున్నాయి. ఎవరితో మాట్లాడుతున్నాయవి? పెద్దోళ్ళతో. ఊరితో వాదిస్తున్నాయి, మనలో మనం ఏడుస్తున్నాం. తొమ్మిదో తరగతి మాదిగపిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఆ పిల్లతో, ఆ పిల్ల కోసం మాట్లాడేది ఎంత వెతికినా నాలుగైదు దొరికాయి. 2008లో అన్వేషి సంస్థ తెచ్చిన చిన్న పుస్తకాల వరసలో గోగు శ్యామల కథ ఒకటి, తాటకి పేరున్న పిల్ల గెలిచే కథ. అట్లాంటివి. ఈ సంకలనంలో మనమందరం రాస్తున్న బాల్యాలు కూడా, అన్నా, పెద్దోళ్ళ కోసమే గదా. మన పిలకాయలకి మనం రాసుకోలా. రాయాలంటే ఆ వయసుతో ఎట్లా మాట్లాడాలో ఎక్కడో ఒకచోట చూసి నేర్చుకోవాల. ఎవరు బాగా చేశారో వాళ్ళ దగ్గరికి పోవాల. ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ నవల ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు.

అయినా ఒక మాట దాచుకోకుండా చెప్పాల. ఈ పుస్తకాలు చదివితే పోయిన ఈడు తిరిగొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అమెరికా పెద్దోళ్ళు చాలామంది తమ పద్నాలుగో ఏడు మళ్ళీ అనుభవించడానికి చదువుతారంట. మాకు మళ్ళీ అనుభవించడానికి అక్కడేముంది? నాకు దొరికింది కొలత. ఎకరా పొలం పోయినోడికి గట్లు తెలిస్తే ఎంత పోయిందో తెలుస్తది. నా నుంచి, మా అన్న నుంచి, పదిహేనేళ్ళకి నన్ను కడుపులో మోయకపోయినా పద్దెనిమిదికల్లా ఒక బిడ్డని ఎత్తుకున్న మాయమ్మ నుంచి ఏం పోయిందో, దానికి గట్లు ఎక్కడున్నాయో ఇప్పుడు తెలిసింది. అది సంతోషమిచ్చే జ్ఞానం కాదు. కొన్ని రాత్రులు కోపంతో నిద్ర పట్టలేదు.

పందెం నేను గెలిచాను. చాకలోళ్ళ బిడ్డ పదకొండు దగ్గర ఆగిపోయింది, వాళ్ళ అత్త మంచాన పడింది. చేపల పులుసు ఇంకా బాకీ.

మా బడిలో బీరువా నిండా పుస్తకాలున్నాయి. స్టాకు రిజిస్టర్లో ఎక్కిన పుస్తకం పోతే టీచరు జీతంలో పట్టుకుంటారన్న భయంతో చాలా బళ్ళలో ఆ బీరువాలకి తాళాలే ఉంటాయి. అందుకని నేను ఏ రిజిస్టర్లోనూ ఎక్కనిది ఒకటి తయారు చేశాను. ఆ నవల మొదటి అధ్యాయం, మాయమ్మకి చెప్పిన మాటల్లోనే, రెండు వందల పేజీల నోటుబుక్కులో రాశాను. తొమ్మిదో తరగతిలో ఇచ్చాను. ఎవరు చెప్పారో తెలవదు, అట్ట లోపల పిలకాయలు తామే ఒక పట్టీ గీశారు. పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. ఒకడు నాలుగో గడి కూడా గీసి పైన "పుస్తకం ఎట్లుంది" అని రాశాడు. అందులో ఒకరు "నూనె మరక", ఇంకొకరు "బాగుంది, పిల్లోణ్ణి కొట్టగూడదు" అని రాశారు.

ఇప్పుడది ఒక పిల్ల దగ్గరుంది. తీసుకున్న తేదీ జనవరి 20. ఆ వారంలోనే వాళ్ళ కుటుంబం గుంటూరు వైపు మిరపకోతలకి పోయింది. మా మెట్ట ఊళ్ళల్లో అది ఏటా ఉండేదే. పోయేముందు వాళ్ళమ్మతో మాట్లాడాను. పిల్లని హాస్టల్లో వదిలి పొమ్మన్నాను. "ఈడొచ్చిన పిల్లని వదిలి యాడికి పొయ్యేది మేడమ్, రేపేమన్నా అయితే మీరొస్తారా?" అంది. సంబంధం కూడా వచ్చిందంట, వాళ్ళ తమ్ముడి కొడుకే. పద్దెనిమిది నిండకుండా చేస్తే కేసవుతుందని చెప్పాను. 2019–21 నాటి సర్వేలో మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడోళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని తేలింది. ఆ అమ్మకీ అట్లాగే అయింది. ఆమె నా వైపు చూసి, "నీకు మీ అన్న ఉన్నాడమ్మా గొడ్లకాడ. దీనికెవరున్నారు?" అంది. ఆ మాటకి నా దగ్గర బదులు లేదు. పిల్ల మాత్రం పక్కనే నిలబడి నోటుబుక్కు సంచిలో పెట్టుకుంటా, "లిటిల్ మ్యాన్ వాళ్ళ టీచరమ్మ సంగతి తర్వాత రాస్తారా మేడమ్?" అని అడిగింది.

రెండో అధ్యాయం మొదలుపెట్టాను. సాయంత్రం అన్నం అయినాక రోజుకి రెండు పేజీలు. మాయమ్మ పక్కన కూర్చొని, నేను పుస్తకంలో మాట రాస్తే "మనం అట్లా అనం" అని కొట్టేయిస్తది. కోతలు ఏప్రిల్‌లో అయిపోతాయి.